ముప్పై ఒకటో చింతగింజ

సముద్రం మా దగ్గర తీసుకున్నవి మొత్తం పదకొండు. వంట గిన్నెల మూతలు రెండు, ఇనుప బకెట్ ఒకటి, ఈతచాపలు రెండు, మడత కుర్చీ ఒకటి, డేరాకు కొట్టే కొయ్య మేకులు మూడు, రాగిచెంబు ఒకటి, అన్నం తిప్పే పెద్ద గంటె ఒకటి. సర్వపిండి డబ్బా, మామిడికాయ తొక్కు జాడీ, అమ్మ పొద్దున్నే కలిపి పెట్టిన పులిహోర ఇందులో చేరవు. తినేవి ఎలాగూ తిరిగి రావని మా బాపమ్మ వాటిని ఎప్పుడూ లెక్కలోకి తీసుకునేది కాదు.

మొన్న ఆదివారం మా టెంట్ హౌస్ అటక మీది నుంచి ఒక పాత డేరా గుడ్డ దించాను. మడత విప్పగానే పొగ, నూనె, ఎండిన చెమట, వాటన్నిటి అడుగున సన్నగా ఉప్పు వాసన వచ్చాయి. దాని మధ్యలోంచి ఒక గుడ్డసంచి జారి కింద పడింది. లోపల చింతగింజలు. చేతులు పట్టి పట్టి ఎంత నున్నగా అయ్యాయంటే దీపం వెలుగు వాటిలో కనిపిస్తుంది. మూతి విప్పి లెక్కపెట్టాను. ముప్పై ఉన్నాయి, నాకు తెలిసినట్టే. ఇంతలో మా బిడ్డ ఫోన్ పట్టుకుని వచ్చింది. ఎండాకాలం సెలవులకు పిల్లలతో సముద్రం దగ్గర గుడారాల్లో ఉండాలని తన కోరిక. నాలుగు చోట్ల ఫొటోలు చూపించి, "నాన్నా, గీ నాలుగింట్ల ఏది మంచిగుంది? నువ్వే లెక్క తీసి చెప్పు" అంది. ఫొటోలన్నిటిలో ఇసుక తెల్లగా, గుడారాలు వరుసగా, ఒక్కో గుడారం మీద నంబరుతో ఉన్నాయి. నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో మాత్రం ఏ ఫొటో కిందా రాసి లేదు.

నేను పదో తరగతి దాటలేదు. ఏ పందిరికి ఎన్ని గజాల గుడ్డ పడుతుందో, ఎంతమంది పంక్తికి ఎన్ని బల్లలు వేయాలో నోటితో చెప్పగలనంటే అది బాపమ్మ పెట్టిన చదువు. సిద్దిపేటలో మా బాపు, అంటే నాన్న, టెంట్ హౌస్ నడిపేవాడు. బాపమ్మ అంటే ఆయన తల్లి. ఆమెకు అక్షరం రాదు. సామాను బయటికి పోయేటప్పుడు గడప మీద కూర్చుని, వస్తువుకొక చింతగింజ చొప్పున సంచిలో వేసేది. తిరిగి వచ్చినప్పుడు వస్తువుకొక గింజ బయటికి తీసేది. సంచి ఖాళీ అయితే అన్నీ వచ్చినట్టు. ఎండాకాలం మధ్యాహ్నాల్లో, బయట తారు రోడ్డు కరిగి చెప్పులకు అంటుకునే వేళ, అక్కా నేనూ కొట్టు వెనక డేరా గుడ్డల కుప్పల్లో దాగుడుమూతలు ఆడి, మొహమంతా దుమ్ము పూసుకుని, సబ్జా గింజల షర్బత్ కోసం ఆమె ముందు కూర్చునేవాళ్ళం. ఆమె గ్లాసు ఇవ్వకముందు ఒక ప్రశ్న అడిగేది. కొండపాక పెళ్ళికి వంద పోయినయ్, డెబ్బై మూడు వచ్చినయ్, ఇంక ఎన్ని? చెప్పినవాళ్ళకే షర్బత్. అక్క ఎక్కువగా దాహంతో ఉండేది.

బాపమ్మకు ఇంకో పెద్దరికం ఉండేది. ఏటా కొమురవెల్లి మల్లన్న జాతరకు పోయినప్పుడు, ఎక్కడ డేరా వేయాలో చెప్పేది ఆమే. మా ఒక్కరికే కాదు, వేములఘాట్ నుంచి ఎడ్ల బండ్ల మీద వచ్చే నాలుగైదు కుటుంబాలకు కూడా. బండ్లు ఆపి అందరూ ఆమె వెనక నడిచేవాళ్ళు. ఆమె మూడు చూసేది. మొదట మడమతో నేల నొక్కేది. మడమ దిగితే మేకు నిలవదు. తర్వాత కుక్కలు ఎక్కడ పడుకున్నాయో చూసేది. చల్లని జాగ వాటికే తెలుస్తుందట. చివరికి నీళ్ళు ఎంత దూరమో అడుగులతో కొలిచేది. ఎండాకాలం చెరువుల్లో నీళ్ళు రోజురోజుకూ లోపలికి పోతాయి కనుక, ఎంత దగ్గరగా వేసుకుంటే అంత మేలని ఆమె నమ్మకం. చెరువు ఎండి బయటపడిన నేలలో కర్బూజ పండించే ఊళ్ళ మనుషులం మేం. ఆమె చెప్పిన చోట ఏనాడూ మేకు ఊడలేదు, గాలికి గుడ్డ ఎగరలేదు.

నాకు పదేళ్ళు వచ్చిన ఏడాది, వేసవిలో, బాపమ్మ అన్నం తింటూ తింటూ చెయ్యి ఆపి అంది.

"రాజిగా, నా ఉమర్ల అన్ని చెరువులు జూసిన. గావతల కట్ట కనవడని నీళ్ళు ఒక్కసారి సూడాలెరా. ఒక్క దినం కాదు, మూడు దినాలు. కూసోని సూడాలె."

రాజిగాడంటే మా బాపు. ఆయన రెండు ముద్దలు మింగి ఆలోచించాడు. రెండు లగ్నాల మధ్య సరిగ్గా అయిదు రోజులు ఖాళీ ఉంది. పోను ఒకటి, రాను ఒకటి, మిగిలినవి మూడు. కానీ వెంట తీసుకుపోయే సామాను చిన్నకోడూరులో పెళ్ళికి మాట ఇచ్చిన సామానే. అంతకు ముందు జాతరలో కొన్ని గిన్నెలు పోయి ఇంకా మంట మీదున్నాడు.

"తీస్కవోతనే. గని ఒక్క షర్తు. ఒక్క సామాను తక్కువైనా అదే గడియల బండెక్కుడే. మూడు దినాలు లేవు, ముప్పై దినాలు లేవు."

"నా సంచి ఎన్నడన్న తప్పిందారా?" అంది బాపమ్మ. నిజమే, తప్పలేదు. అప్పటిదాకా.

టెంట్ హౌస్ వ్యానులో ముప్పై ఒక్క వస్తువులు ఎక్కాయి. సంచిలో ముప్పై ఒక్క గింజలు పడ్డాయి. బాపు నడుపుతుంటే పక్కన బాపమ్మ, వెనక చాపల మీద అమ్మా, అక్కా, నేనూ. దారిపొడవునా మామిడిపళ్ళ బుట్ట వాసన. బాపట్ల దాటి, ఇళ్ళు తగ్గి, సరుగుడు తోటలు మొదలయ్యేసరికి పొద్దెక్కింది. ముందు చప్పుడు వినిపించింది. అక్క రైలు అంది. నేను పిండిగిర్ని అన్నాను. వ్యాను ఇసుకలో ఆగాక బాపమ్మ దిగి, చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని పది అడుగులు వేసి, నిలబడిపోయింది. ఆమె తల మెల్లగా ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు తిరిగింది. కట్ట వెతుకుతోందని మాకు అర్థమైంది.

"లేదురా," అంది చివరికి. "నిజంగనే లేదు."

తర్వాత జాగ వెతకడం మొదలైంది. సరుగుడు చెట్ల కింద నీడ ఉంది, కానీ అక్కడ మడమ చీలమండ దాకా దిగింది. ఇంకా కిందికి నడిచాం. ఎండిన గడ్డిపరకలు, విరిగిన గవ్వలు, కొబ్బరి పీచు ఒక వంకర గీతలాగా తీరం పొడవునా పడి ఉన్నాయి. ఎవరో ఊడ్చి వదిలేసిన చెత్త అనుకుని దాటేశాం. గీత దాటాక నేల గట్టిపడింది. మడమ నొక్కితే గోరంత కూడా దిగలేదు. చల్లగా, సిమెంటు చేసిన వాకిలిలాగా ఉంది. మూడు కుక్కలు అక్కడే వెల్లకిలా పడుకుని ఉన్నాయి. నీళ్ళు దగ్గరే. ఆమె మూడు పరీక్షలూ నెగ్గిన జాగ, కొమురవెల్లిలో కూడా ఇంత మంచిది దొరకలేదు.

బాపు మాత్రం కొంచెం వెనకాడాడు. "నీళ్ళు మరీ దగ్గరున్నయేమోనే."

అప్పుడు నేను ముందుకొచ్చాను. నా దగ్గర బాపు పాత చేతి గడియారం ఉంది. నీళ్ళ అంచున ఒక పుల్ల పాతి, గంట ఆగి చూశాను. నీళ్ళు పదకొండు అడుగులు వెనక్కి పోయాయి. ఇంకో పుల్ల, ఇంకో గంట. ఈసారి పదమూడు. సగటున గంటకు పన్నెండు. మూడు రోజులంటే డెబ్బై రెండు గంటలు. పన్నెండును డెబ్బై రెండుతో గుణించి, ఇసుకలో వేలితో పెద్ద అంకెలు రాశాను: ఎనిమిది వందల అరవై నాలుగు. "బాపమ్మా, మనం పోయే దినానికి సముద్రం ఎనిమిది వందల అరవై నాలుగు అడుగులు దూరం పోతది. నీ మోకాళ్ళకు నడుసుడు కష్టమైతది. ఇంకింత కిందికి ఏస్కుందాం" అన్నాను. బాపమ్మ నన్ను చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ ఏడాది బడిలో వచ్చిన మార్కులన్నీ కలిపినా ఆ చూపుకు సరిపోవు. డేరాను ఇంకో ఇరవై అడుగులు కిందికి జరిపాం.

మేకులు కొడుతుండగా నెత్తిన చేపల బుట్టతో ఒకామె ఆగింది. తర్వాత ఆమె పేరు నాగరత్నమని తెలిసింది. ఆమె మమ్మల్ని, డేరాను, నీళ్ళను మార్చి మార్చి చూసింది.

"ఏందమ్మా, ఇక్కడేశారు? సందేళకి నీళ్ళు ఇక్కడిదాకా వచ్చేస్తయ్. పున్నమి రోజులు కూడాను."

బాపమ్మ నవ్వింది. చిన్నపిల్లకు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది. "వాన లేదు, వరద లేదు, ఎండకాలం నీళ్ళు ఎట్ల పెరుగుతయ్ బిడ్డా? మా మనుమడు లెక్క జేసిండు."

నాగరత్నం నా వైపు చూసి, "ఓహో, లెక్క చేశాడా," అని నవ్వుకుంటూ పోయింది.

ఆ మధ్యాహ్నం ఎంత బాగుందో చెప్పలేను. ఉప్పుగాలికి డేరా గుడ్డ పొట్ట ఉబ్బించి తగ్గించి ఊపిరి తీస్తున్నట్టు ఉంటే, కింద చల్లని నేల మీద చాపలు పరుచుకుని, మామిడిపళ్ళ రసం మోచేతుల దాకా కారుతుండగా, సముద్రం నిజంగానే నా లెక్క ప్రకారం దూరం పోతూ ఉంది. బాపమ్మ కుర్చీలో కూర్చుని, ఎవరూ అడక్కుండానే, "మావోడు ఇంజినీరే" అంది రెండుసార్లు. నాలుగింటికి మంచినీళ్ళ కోసం, స్నానాల కోసం అందరం సరుగుడు తోటలోని చేతిపంపు దగ్గరికి వెళ్ళాం. అక్కా నేనూ ఒకరికొకరం పంపు కొట్టుకుంటూ, సబ్బు కళ్ళలో పడి అరుచుకుంటూ, బాగా ఆలస్యం చేశాం.

తిరిగి వచ్చేసరికి డేరా నీళ్ళలో నిలబడి ఉంది. నడుము దాకా. మూడు మేకులు ఊడి ఒక వైపు గుడ్డ నీళ్ళ మీద తేలుతోంది. మా ఎనిమిది వందల అరవై నాలుగు అడుగుల మీద అలలు నిదానంగా వస్తూ పోతూ ఉన్నాయి. పులిహోర చుట్టూ కాకులు ఎగురుతున్నాయి. బాపు ఒక్క కేక వేసి పంచె ఎగ్గట్టి దిగాడు. అమ్మ నవ్వాలో ఏడవాలో తెలియక అక్కను కొట్టింది. బాపమ్మ మాత్రం సంచి గుండెకు పట్టుకుని నిలబడి ఉంది. ఆమె చూస్తున్నది సామాను వైపు కాదు, బాపు మొహం వైపు. సగం రోజు కూడా గడవలేదు, ఇంకా రెండున్నర రోజులు ఉన్నాయి.

నేను ఆమె దగ్గరికి పోయి ఏడ్చాను. "నా లెక్క తప్పింది బాపమ్మా."

"నీ లెక్క తప్పలే బిడ్డా," అంది ఆమె. "నీళ్ళే తప్పినయ్."

నాగరత్నం దూరం నుంచి చూసే ఉంటుంది. మనుషులను వెంటేసుకుని, వల మోయించుకుని వచ్చింది. "చెప్పానా పెద్దమ్మా," అనలేదు. "అందరూ తాడు పట్టుకోండి" అంది. పడవ మీద పోయి వల అర్ధచంద్రంలా చుట్టి వేస్తే, ఒడ్డున రెండు వైపులా తాళ్ళు పట్టుకుని అందరం లాగాం. తడి తాడు అరచేతులు కోసేస్తుంటే, వాళ్ళు పాట అందుకుంటే, మేం మల్లన్న పేరు చెప్పి లాగాం. మొదటి వలలో గుప్పెడు వెండిచేపలు, ఒక మూత, కాళ్ళు మడుచుకుని పడుకున్న మా మడత కుర్చీ వచ్చాయి. ఆ కుర్చీని చూసి నవ్వని మనిషి లేడు. "మీ ఊళ్ళో చేపలు ఇట్టానే ఉంటయ్యా?" అని వాళ్ళలో ఒకతను అడిగితే, మా బాపు అంత కోపంలోనూ నవ్వాడు. రెండో మూత, ఒక చాప రెండో వలలో చిక్కాయి. ఇంకో చాప, మేకులు తీరం పొడవునా పరుగెత్తి అక్క ఏరుకొచ్చింది. బకెట్, చెంబు మునిగిన చోటే కాళ్ళకు తగిలాయి. ఒక్కొక్కటి వచ్చినప్పుడల్లా నేను గట్టిగా లెక్క చెప్పాను. ఏడు. ఎనిమిది. తొమ్మిది. పది.

పది దగ్గర ఆగింది. పొద్దు కుంగుతోంది. గంటె దొరకలేదు.

బాపు తడిసిన మీసాలు తుడుచుకుని, "సంచి తేవే అవ్వా, లెక్క జూద్దాం" అన్నాడు. బాపమ్మ సముద్రం వైపు తిరిగి, మిగతావాళ్ళకు వీపు పెట్టి, సంచి మూతి విప్పింది. నేను ఆమె పక్కనే ఉన్నాను, చూశాను. రెండు వేళ్ళతో ఒక గింజ తీసి నోట్లో వేసుకుంది. మింగలేదు. కుడి దవడ లోపల దాచుకుంది. తర్వాత తీరిగ్గా వచ్చి, చాప మీద గింజలు కుమ్మరించింది. బాపు ఒక వస్తువు పక్కన ఒక గింజ పెట్టుకుంటూ పోయాడు. ముప్పై వస్తువులు. ముప్పై గింజలు.

"సరిపోయినయా?" అన్నాడు బాపు, ఆమె మొహంలోకి చూస్తూ.

"సరివోక ఏమైతది," అంది బాపమ్మ. దవడ గుండ్రంగా ఉబ్బి, మాట ముద్దగా వచ్చింది.

బాపు నా వైపు తిరిగాడు. "ఏంరా లెక్కలోడా, బండెక్కినప్పుడు ముప్పయేనా?"

జీవితంలో అంత కష్టమైన లెక్క నేను మళ్ళీ చేయలేదు. "ముప్పయే బాపు" అన్నాను. తప్పని తెలిసి చెప్పిన మొదటి సంఖ్య అది.

"ఉండుండ్రి మరి" అన్నాడు బాపు.

ఆ ఎండిన గడ్డి గీత సముద్రం తను గీసుకున్న హద్దు అని, దానికి పైనే మనుషులు ఉండాలని నాగరత్నం చూపించింది. గీతకు పైన, సరుగుడు చెట్ల దగ్గర, మడమ దిగే ఇసుకలో డేరా మళ్ళీ వేశాం. మేకులు నిలవవు కనుక గోనెసంచుల్లో ఇసుక నింపి పూడ్చి, వాటికి తాళ్ళు కట్టించింది ఆమే. బాపమ్మ పక్కన నిలబడి ప్రతి ముడీ నేర్చుకుంది. మిగిలిన రోజులు గవ్వలతో అష్టాచెమ్మా ఆడాం. కారం, చింతపులుసు వేసి నాగరత్నం వండి ఇచ్చిన చేపల కూర అన్నంలో కలుపుకుని, చెమటలు కక్కుతూ తిన్నాం. అన్నం తిప్పడానికి గంటె లేదు. అమ్మ సరుగుడు పుల్ల చెక్కు తీసి దానితో తిప్పింది. గంటె ఏదని బాపు ఒక్కపూట కూడా అడగలేదు. బాపమ్మ పొద్దునా సాయంత్రం నీళ్ళు వచ్చి కాళ్ళు తాకేంత దూరంలో కుర్చీ వేసుకుని కూర్చునేది. నీళ్ళు పెరిగినప్పుడల్లా తనే కుర్చీ వెనక్కి జరుపుకుంటూ, "రా, రా, ఎంత దనుక వస్తవో రా," అని సముద్రంతో మాట్లాడేది.

చివరి రోజు ఆ గింజను తీసుకుపోయి గడ్డి గీతకు ఇవతల ఇసుకలో మడమతో నొక్కి పూడ్చింది. "గిది సముద్రం మనకు బాకీ. యాదికి పెట్టుకో" అంది నాతో.

చాలా ఏళ్ళ తర్వాత, బాపమ్మ పోయాక, బాపుతో ఆ సంగతి ఒప్పుకున్నాను. ఆయన పడీపడీ నవ్వాడు. "సామాను ఎక్కిచ్చింది నేనేరా. గంటె లేదని నాకు ఎరుకగాదా? దవడల గింజ వెట్టుకొని మా అవ్వ మాట్లాడుతుంటే నవ్వు ఆపుకునుడే కష్టమైంది. మూడు దినాలు కూసోని సూస్తనన్నది. ఎట్ల లేపుదు?" చిన్నకోడూరు పెళ్ళికి ఆయన కొత్త గంటె కొన్నాడట. బాపమ్మకూ నాకూ తెలియకుండా.

ఇప్పుడు బాపమ్మ లేదు, బాపు లేడు. ఇనుప మేకులు, ప్లాస్టిక్ షీట్లు వచ్చాక కొయ్య మేకులు చెక్కే మనిషి లేడు. జాతరకు వచ్చిన ఎడ్ల బండ్లు లేవు, అవి బయల్దేరిన వేములఘాట్ కూడా మల్లన్నసాగర్ నీళ్ళ కింద ఉంది. కాలువలు వచ్చాక మా చెరువులే మే నెలలో నిండుగా ఉంటున్నాయి. ఎండాకాలం నీళ్ళు పెరగవన్న బాపమ్మ సూత్రం మా ఇంటి దగ్గర కూడా చెల్లకుండా పోయింది. ఆమె ఉంటే నడుం మీద చేతులు పెట్టుకుని, చెరువు వైపు చూసి, "నువ్వు గూడ నేర్చినవా," అని నవ్వేది.

నాలుగు ఫొటోలనూ వేళ్ళతో పెద్దవి చేసి చూశాను. మూడింటిలో ఇసుక ఊడ్చేసి ఉంది. నాలుగో దాంట్లో, గుడారాల కింద కొంచెం దూరంలో, ఎండిన గడ్డి, గవ్వలు వంకరగా ఒక గీత. "ఇది" అన్నాను. "దీనికి స్టార్లు తక్కువున్నయి నాన్నా," అంది మా బిడ్డ. "గీత ఉంది" అన్నాను. అక్కడ అడుగుపెట్టగానే మడమతో నొక్కి చూడమని, మడమ దిగితేనే గుడారం తీసుకోమని చెప్పాను. తను నన్ను వింతగా చూసి, బుక్ చేసి వెళ్ళిపోయింది.

గింజలు మళ్ళీ సంచిలో వేసి మూతి కట్టాను. పిల్లలతో నేనూ పోతాను, వీటినీ తీసుకుపోతాను. ముప్పై ఒకటి పోయాయి, ముప్పై వచ్చాయి. సముద్రం నుంచి మాకు ఇంకా రావాల్సింది, ఒకటి.